కట్ట ఇవ్వని వకీలుపై ఎవరికి చెప్పుకోవాలి?

వాయిదాకు వెళ్తే కేసు ఎప్పుడో కొట్టేశారని తెలుస్తుంది. కోర్టు ఫీజు కోసమని ఇచ్చిన డబ్బు కోర్టుకు చేరనే లేదని బయటపడుతుంది. పోనీ వకీలును మారుద్దామంటే ‘బాకీ ఫీజు తీర్చందే కేసు కాగితాల కట్ట ఇవ్వను’ అంటారాయన. అప్పుడు చాలామంది కోర్టు ఆవరణలోని బార్ అసోసియేషన్ గదికి వెళ్లి అధ్యక్షుడికి మొరపెట్టుకుంటారు. ఆయనకు మనసుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెబుతారు. అంతకు మించి చేయగలిగింది లేదు. అసోసియేషన్ వకీళ్ల సంఘం మాత్రమే, సన్నదు (వకీలుగా పనిచేసే అనుమతి) జోలికి వెళ్లే అధికారం దానికి లేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టం, 35వ సెక్షన్ ఆ అధికారాన్ని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ వేర్వేరు కౌన్సిళ్లున్నాయి. వకీలు ఏ ఊళ్లో వాదిస్తున్నారన్నది కాదు, ఆయన పేరు ఎవరి జాబితాలో ఉందన్నదే లెక్క. వకాల్తా నకలు పట్టుకెళ్లి కౌన్సిల్ కార్యాలయంలో అడిగితే తేలిపోతుంది.

అయితే ఫిర్యాదు రాయడానికి కూర్చునే ముందు ఒక పని ఉంది. కేసును బతికించుకోవాలి. వకీలు మీద కోపంతో బార్ కౌన్సిల్ చుట్టూ తిరుగుతూ అసలు దావాకు గడువు దాటబెట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. మీరు గైరుహాజరయ్యారని దావా కొట్టేసినా, మీపై ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చినా తిరగదోడమని అడగడానికి మామూలుగా ఉండే గడువు 30 రోజులే. ఆలస్యమైతే కారణం చూపి మన్నించమని వేరే పిటిషన్ వేసుకోవాలి. వకీలు తప్పుకు కక్షిదారు బలి కాకూడదని సుప్రీంకోర్టు 1981లోనే అంది. కానీ ఆ మాటను నమ్ముకుని ఏళ్ల తరబడి కేసు ముఖం చూడనివారికి అదే కోర్టు తలుపు మూసిన సందర్భాలూ ఉన్నాయి. మీ కేసుకు అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే ఏ వాయిదాన ఏం జరిగిందో మీకే కనబడుతుంది, గుమస్తాను బతిమాలనక్కర్లేదు. కొత్త వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ఇక కట్ట సంగతి. దీనిపై చట్టం ఇంత తేటగా ఉన్నా ఈ బెదిరింపు ఇంకా చెల్లుబాటవుతుండటం నాకు ఆశ్చర్యమే. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకు తన న్యాయ సలహాదారును తప్పించింది. తనకు 97,100 రూపాయలు రావాలంటూ ఆయన ఫైళ్లు అట్టిపెట్టుకున్నారు. బ్యాంకు ఫిర్యాదు రాష్ట్ర కౌన్సిల్‌లో ఏడాదిలోగా తేలకపోవడంతో భారత బార్ కౌన్సిల్‌కు వెళ్లింది. అక్కడ 18 నెలల సస్పెన్షన్, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది: ఫీజు బాకీ ఉంటే వసూలుకు దావా వేసుకోవచ్చు, అంతేగాని కక్షిదారు కాగితాలను తాకట్టు సరుకులా పట్టి ఉంచే హక్కు వకీలుకు లేదు, అడిగినప్పుడు ఇవ్వకపోవడం దుష్ప్రవర్తనే. అప్పటిదాకా ఈ విషయంలో స్పష్టమైన తీర్పు లేదని ఆ వకీలును మందలింపుతో వదిలేసింది. ఆ తక్కువ శిక్షను మున్ముందు ఎవరూ ఆసరాగా తీసుకోకూడదని కూడా అంది.

పర్సంటేజీ బేరం మరొకటి. మోటారు ప్రమాదాల కేసుల్లోనూ, భూసేకరణ పరిహారం కేసుల్లోనూ ‘వచ్చినదాంట్లో ఇంత’ అని మాట్లాడుకోవడం మన దగ్గర మామూలైపోయింది. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు కుదుర్చుకోకూడదని, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనలు ఖరాఖండిగా చెబుతున్నాయి. కక్షిదారు డబ్బుకు లెక్క రాసి ఉంచాలని కూడా చెబుతున్నాయి.

కేసు ఓడిపోవడం మాత్రం దుష్ప్రవర్తన కాదు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సలహా తప్పైనా కాదు. వట్టి అజాగ్రత్తకూ నిజాయితీ లేకపోవడానికీ మధ్య కోర్టులు గీత గీశాయి. మద్రాసులో ఒక వకీలు చెవిటివాడైన ఒక ముసలాయన ప్రామిసరీ నోట్ల మీద దావా వేస్తానని డబ్బు తీసుకుని, వేయకుండానే వేశానని నమ్మించారు. నోట్లకు కాలం చెల్లిపోయింది. రాష్ట్ర కౌన్సిల్ ఆరేళ్లు సస్పెండ్ చేస్తే భారత బార్ కౌన్సిల్ ఏడాదికి తగ్గించింది. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న ధర్మాసనం ఉచిత న్యాయసహాయ సంస్థలో పనిచేయాలన్న షరతుతో ఆ శిక్షను మరింత మార్చింది. బాధితుల వైపు నుంచి చూస్తే ఆ మార్పు అంతగా మింగుడుపడదు. ఇక ఎదుటి పక్షం వకీలు గట్టిగా క్రాస్ చేశారనో, తన కక్షిదారు చెప్పింది రాశారనో ఫిర్యాదు చేస్తే అది నిలవడం కష్టం. వకీలుకూ ఫిర్యాదుదారుకూ మధ్య వృత్తి సంబంధం ఉండాలన్నదే సాధారణ సూత్రమని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేసింది.

ఫిర్యాదు తెలుగులోనే రాయవచ్చు. రాష్ట్ర అధికార భాషలో ఇచ్చిన ఫిర్యాదును కౌన్సిల్ తీసుకోవాలి, పైకి పంపాల్సి వస్తే అనువాదం చేయించడం కౌన్సిల్ బాధ్యతే. పిటిషన్ రూపంలో ఉండాలి, సంతకంతో పాటు కింద ధృవీకరణ కూడా ఉండాలి, నిర్ణీత రుసుము జత చేయాలి. తిట్లు వద్దు. ఏ తేదీన ఎంత ఇచ్చారు, ఎలా ఇచ్చారు, కోర్టు రికార్డులో ఏముంది, మీరు అడిగితే ఆయనేమన్నారు అన్నవి వరుసగా పెట్టండి. ఫోన్‌పే చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలు, కోర్టు డైరీ నకలు, కట్ట ఇవ్వమని మీరు పంపిన రిజిస్టర్డ్ పోస్టు రసీదు చేర్చండి. ఇక్కడ అనుమానం చాలదు, మామూలు సివిల్ కేసు కన్నా గట్టి రుజువే అడుగుతారు. వకీలు చేతికి నగదు ఇచ్చి రసీదు అడగడానికి మొహమాటపడే అలవాటు మన కొంప ముంచేది ఇక్కడే.

కౌన్సిల్‌కు పస ఉందనిపిస్తే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. ముగ్గురూ వకీళ్లే. తమవాళ్లను తామే విచారించుకుంటారా అనే అనుమానం సహజం. అందుకే చట్టంలో రెండు కట్టుబాట్లున్నాయి. ఏడాదిలోగా తేల్చకపోతే కేసు భారత బార్ కౌన్సిల్‌కు మారుతుంది. ఉత్తర్వు నచ్చకపోతే అందిన 60 రోజుల్లో భారత బార్ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆపైన మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు. సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే విషయంలో కమిటీకి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. ఫిర్యాదు కొట్టేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, జాబితాలోంచి పేరే తీసేయవచ్చు.

మీ నష్టం పూడ్చడం ఆ కమిటీ పని కాదు. దానికి సివిల్ దావా వేరే వేసుకోవాలి. డబ్బు స్వాహా చేసి ఉంటే నమ్మకద్రోహం కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. వినియోగదారుల కమిషన్ దారి మాత్రం ఇప్పుడు లేదు. వైద్యుల సేవలు 1995 నుంచి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తున్నాయి గానీ, వకీళ్ల సేవలు రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

కౌన్సిల్ నోటీసు అందగానే వకీలు డబ్బు తిరిగిచ్చి, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని మధ్యవర్తులను పంపడం తరచూ జరిగేదే. మీ డబ్బు మీరు తీసుకోవడంలో తప్పు లేదు, కానీ ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. రాజీ కుదిరిందన్న ఒక్క కారణంతో విచారణ ఆపకూడదని నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ‘మీరు వెనక్కి తీసుకుంటే అంతా అయిపోతుంది’ అని ఎవరు హామీ ఇచ్చినా అది వాళ్ల చేతిలో లేని హామీ.