మాంసము చెడిపోవు లెక్క

ఒక దసరానాడు మా యింట ఉదయము తెచ్చిన మాంసములో సగము, సాయంత్రము రానున్న చుట్టములకని మూతపెట్టి యుంచితిమి. వారు వచ్చి కాళ్లు కడుగుకొనుచుండగా మూత తీసితిమి, దుర్వాసన! పారవేయక తప్పినది కాదు. “మధ్యాహ్నము చూచినప్పుడు బాగుగానే యుండెను గదా!” అని మా తల్లిగారు పలుమారు వాపోయిరి. ఆ మాటకు జవాబు లెక్కలో నున్నది.

విద్యార్థులారా, పలక తీసికొనుడు. మాంసముపై చదరపు సెంటీమీటరునకు 1,000 సూక్ష్మజీవులున్నవనుకొందము. వెచ్చని గదిలో అవి అరగంటకొకసారి రెండేసిగా చీలుననుకొందము. ఆరు గంటలకు పండ్రెండు చీలికలు, సంఖ్య 40,96,000. ముక్కునకు ఇంకను ఏమియు తెలియదు. వాసన పుట్టుట సుమారు ఒక కోటి దగ్గర. మరియొక గంట గడచిన పిదప సంఖ్య 1,63,84,000! ఆరు గంటలు దాగియున్న చేటు ఒక్క గంటలో బయటపడును.

అయితే సూక్ష్మజీవులు ఇట్లు ఎల్లకాలము పెరుగవు. మొదట కొంతసేపు క్రొత్తచోటికి అలవాటుపడును; తరువాత వేగముగా పెరుగును; తుదకు నిలిచిపోవును. ఇట్టి వంపు రేఖను బెల్జియము దేశపు వెర్హుల్‌స్ట్ 1838లో జనసంఖ్య కొరకు వ్రాసెను. వేడిమి సంగతిని 1982లో రాట్కౌస్కీ మొదలగువారు తేల్చిరి: వేగముయొక్క వర్గమూలము వేడిమితో సరళరేఖగా పెరుగును. పెరుగుదల ఆగుచోటు −8 డిగ్రీలనుకొన్నచో, 2 డిగ్రీల వద్ద తేడా 10, 12 డిగ్రీల వద్ద 20. వేగములు 100, 400, అనగా నాలుగింతలు. కరెంటు పోయి ఫ్రిజ్జు వెచ్చబడినచో జరుగునది ఇదియే. మరల చల్లబడినను చీలినవి తిరిగి ఒకటి కావు.

ఇక వాటి పరస్పర సంబంధము. గాలి తగులు చల్లని మాంసముపై సూడోమోనాసు జాతి గెలుచును. అది మొదట గ్లూకోసును తినును. అది తీరిన పిదప ఎమినో ఆమ్లములపై పడును, అప్పుడే దుర్వాసన. గాలి తీసిన సంచిలోనైతే లాక్టిక్ ఆమ్లము చేయు జాతులు పైచేయి యగును. మాంసము మెల్లగా పులియును. 1962లో జేమ్సన్ ఒక వింత చూపెను: ఎక్కువగానున్న జాతి తన మేర చేరగానే, తక్కువగానున్న జాతియు ఆగిపోవును. చెరువు నీరంతయు పెద్ద మడికే పోయినచో ప్రక్క మడి ఎదగనట్లన్నమాట. కనుక ఒక్కొక్క జాతికి వేరు వేరు హద్దు వ్రాయక, అన్నిటి మొత్తమునకు ఒకే హద్దు వ్రాయవలెను.

తల్లులకు ఒక మాట. ఈ లెక్క వాసన పుట్టించు జాతులది. రోగము తెచ్చు సాల్మొనెల్లా వంటివి వాసన లేకయే యుండవచ్చును. వాసన లేదని నమ్మరాదు.

మన పల్లెలలో తునకలకు ఉప్పు, పసుపు పట్టించి, తీగెపై ఎండవేసి వరుగులు చేయుట ఎరుగుదురు. ఉప్పు, ఎండ కలిసి సూక్ష్మజీవులకు నీరు దక్కనీయవు. ఇది పందెము: చీలికలు కోటి చేరకముందే తడి ఆరవలెను. ముక్క మందమైనచో లోపల ఆరదు. అందుకే మా తల్లిగారు మబ్బు పట్టిన దినమున తీగె కట్టరు.