అట్ట చూసి పాట వినడం

ఫోన్‌లో పాట వస్తున్నప్పుడు తెర మీద ఒక చదరపు బొమ్మ కనిపిస్తుంది కదా, దాన్నే ఆల్బమ్ ఆర్ట్ అంటారు. అది ఉత్త అలంకారమేనా, లేక మనం పాట వినే తీరులో దానికేమైనా పని ఉందా? ఈ వ్యాసంలో అదే చూద్దాం.

మొదట్లో గ్రామఫోన్ రికార్డులు చాలావరకు సాదా కవర్లలోనే వచ్చేవి. 1940 ప్రాంతంలో అమెరికాలోని కొలంబియా రికార్డ్స్‌లో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్ర డిజైనర్ వాటి మీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1948లో అదే కంపెనీ ఎల్పీ రికార్డు తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం, దానికి 12 అంగుళాల అట్ట. బొమ్మ వేసేవాళ్లకి మంచి చోటు దొరికింది.

ఒక ఉదాహరణ చూడండి. 1973లో పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ విడుదల చేసింది. నల్లటి అట్ట, మధ్యలో ప్రిజం, దాంట్లోంచి రంగులుగా విడిపోయే కాంతి. పైన బ్యాండ్ పేరు కూడా లేదు! అట్ట తెరిస్తే ఆ రంగు గీతల్లో ఒకటి ఈసీజీలో గుండె కొట్టుకున్నట్టు పైకీ కిందికీ లేస్తుంది. ఆల్బమ్ మొదలయ్యేదీ ముగిసేదీ గుండె చప్పుడుతోనే. అంటే ఆ అట్ట మనకో మాట చెబుతోంది: ఇవి విడివిడి పాటలు కావు, మొత్తం కలిపి వినండి అని.

తర్వాత సీడీతో బొమ్మ 12 సెంటీమీటర్లకు తగ్గింది. ఎంపీ3 వచ్చాక ఫైల్‌లో ఒక ట్యాగ్ అయిపోయింది. ఇప్పుడు ప్లేలిస్ట్ వరుసలో అది దాదాపు ఒక సెంటీమీటరు. పాత అట్ట 30 సెంటీమీటర్లు అనుకుంటే, వైశాల్యం 900 రెట్లు తగ్గినట్టు. ఈసీజీ గీత అంత చిన్న బొమ్మలో ఎక్కడ కనిపిస్తుంది?

పోయింది బొమ్మ ఒక్కటే కాదు. మన సినిమా పాటల క్యాసెట్లలో ఒక మడత కాగితం ఉండేది. పాట పల్లవి, పాడినవాళ్లు, రాసినవాళ్లు దాని మీద కనిపించేవి. ఇప్పుడు రాసింది ఎవరో తెలియాలంటే చాలా యాప్‌లలో మెనూ తెరిచి వెతకాలి. సాహిత్యం ఇష్టపడే మనకి ఇది చిన్న నష్టం కాదు.

అలాగని డిజిటల్‌ని తిట్టాల్సిన పని లేదు. ఒకప్పుడు కొనలేని ఆల్బమ్‌లు కూడా ఇప్పుడు మన చేతిలో ఉన్నాయి. అసలు విషయం డిజైన్‌లో ఉంది. 2021లో గాయని అడెల్ అడిగాక, స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో ముందుండే షఫుల్ బటన్ తీసి మామూలు ప్లే బటన్ పెట్టింది. పాటల వరుస మళ్లీ ముందుకొచ్చింది. రేపు ఇలాంటి యాప్‌లు రాసేది మనలో కొందరే. రాసినవాళ్ల పేరు మెనూలో దాచాలా, పాట కిందే చూపించాలా అన్నది అప్పుడు మన చేతిలో ఉంటుంది.

ఈలోపు ఒక చిన్న అభ్యాసం. ఒక ఆల్బమ్ ఎంచుకోండి. కవర్‌ని లాప్‌టాప్ తెర నిండా పెట్టి రెండు నిమిషాలు చూడండి. పాటలు ఎవరు రాశారో చదవండి. షఫుల్ ఆపేసి మొదటి పాట నుంచి చివరిదాకా వినండి. బొమ్మలో మీరు చూసింది ఏ పాటలో వినిపించిందో రాసి పెట్టుకోండి. వచ్చే క్లబ్ మీటింగ్‌లో మాట్లాడుకుందాం.