పాత వాహనాల ఏ.సి.: గ్యాస్ నింపించే ముందు

పంచాంగం కర్తరి అనీ, ఇక్కడి తమిళులు కత్తిరి అనీ పిలిచే మే నెల ఎండలలో తిరువాలంగాడు పరిసరాల్లో పాత కారు నడిపేవారు తరచు అనే మాట ఒకటున్నది: “ఏ.సి.లో గ్యాస్ అయిపోయింది, నింపించాలి.” ఈ మాటలోనే ఒక పొరపాటు ఉన్నది. పెట్రోలు ఖర్చయినట్లు ఏ.సి. గ్యాస్ ఖర్చు కాదు. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, గొట్టాలు కలిసిన మూసిన వలయంలో ఆ గ్యాసే ద్రవంగానూ వాయువుగానూ మారుతూ తిరుగుతుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గుండా కొంత తగ్గడం సహజమే. ప్రతి వేసవిలోనూ నింపవలసి వస్తున్నదంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్లే. దానిని వదిలి గ్యాస్ నింపించడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే.

అసలు లోపం గ్యాస్‌దేనా అన్నది మొదటి ప్రశ్న. తిరుత్తణి రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, రైల్వే గేటు వద్ద ఆగగానే గాలి వెచ్చబడితే, ముందు అనుమానించవలసింది కండెన్సర్ ఫ్యానును. కండెన్సర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకున్నా ఇదే జరుగుతుంది. నీటితో మెల్లగా కడిగితే చాలా సందర్భాలలో సరిపోతుంది.

తరువాత తేల్చుకోవలసింది, మీ వాహనంలో ఉన్నది ఏ గ్యాస్ అని. మొదటి తరం కార్ల ఏ.సి.లలో ఆర్-12 వాడేవారు. అది ఓజోను పొరను హరిస్తుందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారతదేశం అందులో చేరింది. 2010 జనవరి 1 నుండి ఆ జాతి వాయువుల వాడకాన్ని, కొన్ని మినహాయింపులతో, మానివేసింది. దాని స్థానంలో వచ్చినది ఆర్-134ఎ. బానెట్ కింద అతికించిన చీటీ మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములన్నదీ ఉంటాయి. ఆర్-12 కారులో ఆర్-134ఎ నేరుగా ఎక్కించకూడదు. పాత వ్యవస్థలోని మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌లో కలవదు. కంప్రెసర్‌కు నూనె అందక అది పట్టేస్తుంది. నూనె, రబ్బరు వాషర్లు, డ్రయ్యర్ మార్చిన తరువాతే కొత్త గ్యాస్.

సరైన పద్ధతిలో మొదట పొడి నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బునీరు పూసి బుడగలు చూస్తారు. లీకు సరిచేశాక వాక్యూమ్ పంపును కనీసం అరగంట నడుపుతారు. లోపలి గాలితోపాటు తేమ కూడా ఆవిరై బయటికి పోవాలి; మిగిలితే అది మంచై గ్యాస్ దారిని మూస్తుంది, లోహాన్ని తింటుంది. పంపు ఆపి కొంతసేపు చూసినా మీటరు ముల్లు కదలకుంటేనే గ్యాస్ ఎక్కించాలి, అదీ తూకం వేసి. వంటగ్యాస్ సిలిండరును గుర్తు తెచ్చుకోండి. అడుగున కాస్త ద్రవం మిగిలినంతవరకు ఒత్తిడి పెద్దగా తగ్గదు, అందుకే దానిని తూచి చూస్తాము. కారు గ్యాస్ కూడా అంతే. ఆగి ఉన్న కారులో ఒత్తిడి ముల్లు ఎంత గ్యాస్ ఉన్నదో చెప్పదు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది.

చవక అని వంటగ్యాస్ నింపుతామనేవారిని దూరంగా ఉంచండి. కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు వెనుక. అక్కడ కారితే మండే వాయువు మీరూ మీ పిల్లలూ కూర్చున్న మూసిన గదిలోకే చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

పాత గ్యాస్‌ను గాలిలోకి వదలనీయకండి. ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 1,400 రెట్లు బలమైనది. తీసిన గ్యాస్‌ను యంత్రంతో సిలిండరులోకి పట్టే షెడ్డు ఉంటే నాలుగు మైళ్ళు ఎక్కువైనా అక్కడికే వెళ్ళడం మంచిది. మీరే గొట్టం విప్పబోకండి. ద్రవంగా చిమ్మిన గ్యాస్ చర్మాన్నీ కంటినీ గడ్డకట్టించగలదు.

తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదే గనుక, ఇక్కడ తెలుగులో అడిగితే అర్థం చేసుకునేవారు కొదవలేదు. లీకు ఎక్కడ దొరికింది, వాక్యూమ్ ఎన్ని నిమిషాలు పట్టారు, ఏ గ్యాస్ ఎన్ని గ్రాములు ఎక్కించారు అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. బిల్లు తమిళంలో ఉన్నా అంకెలు చదువుకోగలరు. వచ్చే వేసవిలో అదే కాగితాన్ని మెకానిక్‌కు చూపవచ్చు.