పండుగ పాఠం: మన శాకాహార వంటిల్లు, గుడ్డు లేని మఫిన్లు

దసరా, దీపావళి, ఆ వెంటనే కార్తీక మాసం. దేవాలయంలో కార్యక్రమాలు ఎక్కువగా ఉండే రోజులివి. ఇక్కడి క్యాలెండరులో హాలోవీన్, థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే వస్తాయి. ఇంట్లో మనం పులిహోర, చక్కెర పొంగలి చేస్తూ ఉంటే, పిల్లలు బడి నుంచి కప్ కేకుల కబుర్లు, మఫిన్ల కబుర్లు మోసుకొస్తారు. "మనం అవి తినకూడదమ్మా" అన్న ఒక్క మాటతో ఆ కబుర్లు ఆగవు. ఎందుకు తినకూడదు, అందులో ఏముంది, మన పద్ధతిలో చేసుకోవచ్చా అని అడుగుతారు. అడగడమే మంచిది. జవాబు దొరకని పిల్లలు అడగడం మానేస్తారు. ఆ తరువాత ఆచారాన్నీ మానేస్తారు. అందుకే ఈ సంచికలో ఆ ప్రశ్నలనే పాఠంగా తీసుకున్నాము.

ముందుగా ఒక మాట. మన సంఘంలో అందరి ఇళ్ళ ఆచారం ఒకటి కాదు. కొందరు పుట్టు శాకాహారులు. కొందరు శనివారాలు, కార్తీక మాసం మాత్రం పాటిస్తారు. కొందరు గుడ్డు తింటారు, మాంసం తినరు. ఎవరి ఇంటి పద్ధతి వారిది. ఈ పాఠంలో మాత్రం శాకాహారమంటే మాంసం, చేప, గుడ్డు లేనిది, పాలు, పెరుగు, నెయ్యి ఉన్నది అని తీసుకున్నాము. అమ్మమ్మలు, తాతగార్లు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే ఇళ్ళలో ఈ లెక్కే నడుస్తుంది కదా!

1. కొనే ముందు చదవడం

భారతదేశంలో 2001లో వచ్చిన నియమాల వల్ల ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉంటే అది శాకాహారమని చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు. గుడ్డు ఉన్న పదార్థానికి ఆ చుక్క రాదు. అమెరికాలో ప్రభుత్వం పెట్టిన అటువంటి గుర్తు లేదు. కాబట్టి ఇక్కడ చదవడం ఒక్కటే దారి.

చదవడంలో కొంత సాయం ఉంది. 2004లో చేసిన అలెర్జీ చట్టం ప్రకారం, 2006 జనవరి 1 నుంచి ప్యాకెట్ మీద పాలు, గుడ్డు, చేప, గోధుమ, వేరుశనగ, సోయా వంటి ఎనిమిది పదార్థాలను స్పష్టంగా రాయాలి. 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదవది అయింది. సాధారణంగా జాబితా కింద "కంటైన్స్" అని ఒక వరుస ఉంటుంది. గుడ్డు ఉన్నదీ లేనిదీ అక్కడ చూడవచ్చు.

అయితే చాలామంది ఆ ఒక్క వరుస చూసి డబ్బాను బండిలో వేసుకుంటారు. ఆ వరుస అలెర్జీ ఉన్నవారి కోసం పెట్టింది, శాకాహారుల కోసం కాదు. పంది కొవ్వు అలెర్జీ పదార్థం కాదు కాబట్టి అక్కడ కనిపించదు. అందుకని పైన ఉన్న పూర్తి జాబితా చదవాలి. ఈ పేర్లు పిల్లలకు కంఠస్థం చేయించండి:

జెలటిన్: పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తీసేది. మార్ష్‌మాలోలలో, జెల్లోలో, చాలా గమ్మీ మిఠాయిలలో, కొన్ని పెరుగు కప్పులలో ఉంటుంది.

లార్డ్: పంది కొవ్వు. కొన్ని రీఫ్రైడ్ బీన్స్ డబ్బాలలో, కొన్ని పై అట్టలలో వాడతారు.

రెన్నెట్: పాలను విరిచి చీజ్ చేసే పదార్థం. పూర్వం దూడ కడుపు నుంచి తీసేవారు. ఇప్పుడు అమెరికాలో చాలా చీజ్‌లకు సూక్ష్మజీవుల ద్వారా తయారైనది వాడుతున్నారు. అసలైన ఇటలీ పార్మిజానో రెజ్జానోకు మాత్రం నేటికీ దూడ రెన్నెటే వాడాలని నియమం.

కార్మైన్: ఒక రకం పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. 2011 నుంచి దీనిని పేరుతోనే రాయాలి.

ఆంకోవీ: చిన్న చేప. సీజర్ సలాడ్ డ్రెస్సింగులోనూ, వూస్టర్‌షైర్ సాస్‌లోనూ సాధారణంగా ఉంటుంది.

ఇక గుర్తుల సంగతి. "వీగన్" అని ఉంటే గుడ్డు, పాలు రెండూ లేవని అర్థం, మనకు ఇబ్బంది లేదు. "వెజిటేరియన్" అని ఉంటే గుడ్డు ఉండవచ్చు, ఈ దేశంలో ఆ మాటకు అర్థం అంతే. యూదుల కోషర్ గుర్తు పక్కన "పారెవ్" అని ఉంటే పాలు, మాంసం లేవని అర్థమే గాని, గుడ్డు, చేప ఉండవచ్చు. "నాచురల్ ఫ్లేవర్స్" అన్న మాట వెనుక మొక్కలూ ఉండవచ్చు, జంతువులూ ఉండవచ్చు. అనుమానం ఉంటే కంపెనీకి ఫోను చేసి అడగండి.

ఇంత పట్టుదల ఎందుకని అడిగే పిల్లలకు ఒక నిజమైన సంగతి చెప్పవచ్చు. మెక్‌డొనాల్డ్స్ వారు 1990లో తమ బంగాళాదుంప ఫ్రైలను కూరగాయల నూనెలో వేయిస్తామని ప్రకటించారు. అందులో గొడ్డు మాంసపు సారం కలుస్తూనే ఉందని తెలిసి 2001లో సియాటిల్‌లో హిందువులు, ఇతర శాకాహారులు దావా వేశారు. 2002లో ఆ సంస్థ క్షమాపణ చెప్పి, హిందూ, శాకాహార సంస్థలకూ మరికొన్నిటికీ కలిపి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రశ్న అడిగినవారు ఉన్నారు కాబట్టే జవాబు వచ్చింది.

2. రోజూ చేసే భోజనం

"మాంసం లేకపోతే ప్రోటీన్ ఎలా?" అని బడిలో మన పిల్లలను అడుగుతారు. వారికి జవాబు తెలిసి ఉండాలి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో మిథియోనిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పప్పన్నం పేదవాడి తిండి కాదు, లెక్క కుదిరిన తిండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది.

ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. బి12 విటమిన్ మొక్కల ఆహారంలో సహజంగా దొరకదు. పెద్దవారికి రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి. ఒక కప్పు పాలలో సుమారు సగం దొరుకుతుంది. పాలు, పెరుగు మానేసినవారు, వయసు మళ్ళినవారు బి12 కలిపిన సీరియల్ గాని, డాక్టరు చెప్పిన మాత్ర గాని తీసుకోవాలి. కాళ్ళు చేతులు తిమ్మిరి, విడవని నీరసం ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి. శాకాహారం గొప్పదని చెప్పేవాళ్ళమే ఈ సంగతి కూడా చెప్పాలి.

మన కూరలు దొరకవని బెంగ అక్కరలేదు. ఈ కాలంలో వచ్చే క్రాన్‌బెర్రీలతో పప్పు చేస్తే వాక్కాయ పప్పును తలపిస్తుంది. వేసవిలో వచ్చే రూబార్బ్ కాడలతో చేసిన పచ్చడి గోంగూరకు దగ్గరగా ఉంటుంది. కాడలే వాడాలి, దాని ఆకులు విషం. బీరకాయ లేని రోజున జుకినీతో పప్పు గాని, పాలు పోసిన కూర గాని చేసుకోవచ్చు. చలికి ఇడ్లీపిండి పులవకపోతే, ఓవెన్ వేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి గిన్నె అందులో పెట్టండి. తెల్లారేసరికి పొంగుతుంది.

3. గుడ్డు చేసే పని ఏమిటి?

దేవాలయ వంటశాలలో వడ్డన చేసే మేము తరచుగా వినే ప్రశ్న, "గుడ్డు లేకుండా కేకు పొంగుతుందా?" అని. పొంగుతుంది. గుడ్డు ఏ పని చేస్తోందో తెలుసుకుంటే, ఆ పనిని మరొకదానికి అప్పగించవచ్చు. గుడ్డులో సుమారు మూడు వంతులు నీరే. అది పిండిని తడుపుతుంది, కాలిన తరువాత విడిపోకుండా పట్టి ఉంచుతుంది, గాలిని నిలిపి పొంగిస్తుంది.

తడికీ పట్టుకీ ఒక గుడ్డుకు బదులు పావు కప్పు పెరుగు, లేదా పావు కప్పు ఆపిల్ సాస్, లేదా సగం అరటిపండు గుజ్జు వాడవచ్చు. ఒక టేబుల్ స్పూను అవిసెగింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టినా జిగురు వస్తుంది. పొంగడానికి బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ ఉన్నాయి. సోడా పులుపు తగిలితే పొంగుతుంది, అందుకే పెరుగు. బేకింగ్ పౌడర్‌లో సోడా, పొడి ఆమ్లం ముందే కలిసి ఉంటాయి. అది తడి తగలగానే కొంత, వేడి తగిలాక మరికొంత పొంగుతుంది.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, తన భార్యకు గుడ్డు పడదని 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ తయారు చేశాడు. ఆమెకు ఈస్ట్ కూడా పడదని 1843లో బేకింగ్ పౌడర్ చేశాడు. మన ఇళ్ళలో పండ్ల ముక్కలతో చేసే కస్టర్డు అలా పుట్టిందే! ఇంట్లోని మనిషి కోసం వంట మార్చుకోవడం అన్ని దేశాలలోనూ ఉంది.

4. గుమ్మడికాయ మఫిన్లు (12)

ఈ కాలంలో ఎక్కడ చూసినా గుమ్మడికాయలే. డబ్బా గుజ్జు కొంటే జాబితాలో గుమ్మడికాయ ఒక్కటే ఉండాలి. "పై ఫిల్లింగ్" అన్న డబ్బాలో చక్కెర, మసాలా కలిసి ఉంటాయి, అది వద్దు.

కావలసినవి: ఆల్ పర్పస్ పిండి 1 కప్పు, గోధుమపిండి 1 కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, బేకింగ్ సోడా అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, ఏలకుల పొడి 1 టీస్పూను, శొంఠిపొడి అర టీస్పూను, బెల్లం పొడి ముప్పావు కప్పు, గుమ్మడి గుజ్జు 1 కప్పు, పెరుగు ముప్పావు కప్పు, నూనె కప్పులో మూడో వంతు, పాలు రెండు మూడు టేబుల్ స్పూన్లు, జీడిపప్పు పలుకులు గుప్పెడు.

చేసే విధం: ఓవెన్ 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు 190 సెల్సియస్‌కు, ముందే వేడి చేయండి. మఫిన్ పళ్ళెంలో కాగితపు కప్పులు అమర్చండి. పిండి, పౌడర్, సోడా, ఉప్పు, ఏలకుల పొడి, శొంఠి ఒక గిన్నెలో కలిపి జల్లించండి. మరొక గిన్నెలో బెల్లం, గుమ్మడి గుజ్జు, పెరుగు, నూనె ఉండలు లేకుండా కలపండి. తడి దానిని పొడి పిండిలో పోసి, గరిటెతో పది పన్నెండు సార్లు మాత్రం తిప్పండి. మరీ గట్టిగా ఉంటే పాలు పోయండి. జీడిపప్పు వేయండి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. గారెల పిండి ఎంత బీటితే అంత మంచిది, మఫిన్ పిండి దానికి విరుద్ధం. ఎక్కువ కలిపితే గోధుమలోని గ్లూటెన్ సాగి మఫిన్ రబ్బరులా అవుతుంది. అక్కడక్కడ చిన్న ఉండలు కనిపించినా వదిలేయండి. కలిపిన పిండిని పక్కన పెట్టకూడదు, సోడా అప్పుడే పని మొదలుపెట్టి ఉంటుంది. వెంటనే కప్పులలో ముప్పావు వంతు నింపి 20 నుంచి 24 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. ఐదు నిమిషాలు ఆగి బయటకు తీయండి. రెండు రోజులు నిలవ ఉంటాయి. ఫ్రీజరులో పెడితే రెండు నెలల వరకు వాడుకోవచ్చు.

5. బడిలో, గుడిలో

ఫ్రీజరులో నాలుగు మఫిన్లు ఎప్పుడూ ఉంచండి. తరగతిలో ఎవరి పుట్టినరోజైనా ఉంటే మన పిల్లవాడి డబ్బాలో ఒకటి వెళుతుంది, వాడు ఒక మూల ఊరికే కూర్చోనక్కరలేదు. సంవత్సరం మొదట్లోనే టీచరుగారికి చిన్న చీటీ రాయండి: మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ తినడు, పాలు తింటాడు. ఇంట్లో చేసినవి తరగతి అందరికీ పంచాలంటే ముందుగా అడగండి, అలెర్జీల వల్ల చాలా బడులలో ఒప్పుకోరు.

గుడిలో ప్రసాదానికి తెచ్చే ముందు పూజారిగారిని అడగండి. ఒక్కొక్క దేవాలయంలో ఒక్కొక్క పద్ధతి ఉంటుంది. పాట్‌లక్‌కు తెస్తే పక్కన చిన్న కాగితం మీద "గుడ్డు లేదు, గోధుమ, పాలు, జీడిపప్పు ఉన్నాయి" అని రాసి పెట్టండి. మన లేబుల్ మనమే రాయాలి కదా!

6. అభ్యాసం

పిల్లలతో ఈ పండుగలకు మూడు పనులు చేయించండి. మొదటిది, ఇంట్లో ఉన్న ఐదు ప్యాకెట్లు తెచ్చి జాబితా పైకి చదివించండి. రెండవది, పప్పు, అన్నం, ఒక కూర వారి చేతనే వండించండి. పదేళ్ళు దాటిన పిల్లలు మీరు పక్కన ఉంటే చేయగలరు. అబ్బాయిలకు మినహాయింపు లేదు. మూడవది, పై మఫిన్లు చేయించి, గుడ్డు పని ఏది చేసిందో వారినే చెప్పమనండి.

మన ఇంట్లో ఉన్నంతకాలం పిల్లల కంచంలో ఏముందో మనం చూస్తాము. పద్దెనిమిదేళ్ళకు కాలేజీ డార్మిటరీకి వెళ్ళాక చూసేవారు ఉండరు. అప్పుడు ఏం తినాలన్నది వారి నిర్ణయం. లేబుల్ చదవడం, పప్పు వండడం, నలుగురికీ పెట్టగల తీపి ఒకటి చేయడం వచ్చిన పిల్లలకు శాకాహారం కష్టం కాదు. అవేవీ రాని పిల్లలకు కోరిక ఉన్నా కుదరదు. వారు వెళ్ళేటప్పుడు పెట్టెలో చిన్న కుక్కరు, కందిపప్పు పొట్లం పెడతాము కదా. దానితో పాటు ఈ విద్య కూడా ఇప్పటి నుంచే ఇద్దాం.

అందరికీ దసరా, దీపావళి శుభాకాంక్షలు. శుభం భూయాత్!