బోటు చార్ట్‌ప్లాటర్‌కి రాడార్ ఓవర్‌లే: డబ్బులు పెట్టాలా, వద్దా?

ఫ్రెండ్స్, పిక్సెల్ 4 గుర్తుందా? 2019లో గూగుల్ ఆ ఫోన్‌లో సోలి అనే బుల్లి రాడార్ చిప్ పెట్టింది. ఫోన్ ముట్టుకోకుండా గాల్లో చెయ్యి ఊపితే పాట మారేది. ఆ చిప్ వాడే 60 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి పర్మిషన్ దొరక్కే ఫోన్ ఇండియాకి రాలేదని అప్పట్లో గ్యాడ్జెట్ సైట్లన్నీ రాశాయి. ఈ ఆర్టికల్ కూడా రాడార్ గురించే. కాకపోతే ఇది జేబులో పట్టదు, బోటు పైకప్పు మీద బోర్లించిన గిన్నెలా కూర్చుంటుంది.

నేను సియాటెల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా టీమ్‌లో రాజమండ్రి అన్న ఒకాయన 26 అడుగుల సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాడు. అమ్మానాన్న ఇండియా నుంచి వస్తున్నారు, సెప్టెంబర్‌లో వాళ్లని ఎక్కించుకుని శాన్ హువాన్ దీవులకి వెళ్లాలని ప్లాన్. ఇక్కడ వేసవి చివర్లో పొద్దున్నే పొగమంచు దిగితే బోటు ముందు పది గజాలు కూడా కనిపించని రోజులుంటాయి. ఆ మంచులోనే ఫెర్రీలు, కంటైనర్ షిప్పులు తిరుగుతుంటాయి. బోటులో ఇప్పటికే 9 అంగుళాల చార్ట్‌ప్లాటర్ ఉంది. దానికి రాడార్ తగిలిస్తే మ్యాప్ మీదే అన్నీ కనిపిస్తాయని షాపులో చెప్పారట. "తమ్ముడూ, నువ్వు గ్యాడ్జెట్లు బాగా చూస్తావు కదా, ఇది నిజంగా పనికొస్తుందా, లేక షో కోసమా?" అని అడిగాడు. రెండు వారాలు మాన్యువల్స్ తిరగేసి ఆయనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు బేసిక్స్. చార్ట్‌ప్లాటర్ అంటే నీటి మీద వాడే గూగుల్ మ్యాప్స్ అనుకోండి. జీపీఎస్‌తో మన బోటు ఎక్కడుందో చార్ట్ మీద చూపిస్తుంది. కానీ చార్ట్‌లో ఉండేది ఎప్పుడో సర్వే చేసిన లోకం. రాడార్ చూపించేది ఈ క్షణంలో ఉన్న లోకం. ఈ రెండు బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పరిస్తే అదే ఓవర్‌లే. ఫొటోషాప్‌లో రెండు లేయర్లు, పైదాని ఒపాసిటీ 50 శాతం. ఇంతవరకు సింపుల్.

అసలు తిరకాసు ఎక్కడంటే

రెండు లేయర్లు సరిగ్గా కూర్చోవాలంటే రెండిటికీ ఒకే దిశ తెలియాలి. చార్ట్ ఉత్తరం దిక్కుని బట్టి గీసింది. రాడార్‌కి ఉత్తరం తెలీదు. "బోటు ముక్కుకి 30 డిగ్రీలు కుడివైపున, ఒక మైలు దూరంలో ఏదో ఉంది" అని మాత్రమే చెప్పగలదు. బోటు ముక్కు ఎటు చూస్తోందో ఇంకెవరో చెప్పాలి.

"జీపీఎస్ ఉంది కదా, అది చెప్తుందిలే" అని చాలామంది అనుకుంటారు. జీపీఎస్ చెప్పేది బోటు ఎటు కదులుతోందో, ఎటు చూస్తోందో కాదు. కారులో ఈ రెండూ దాదాపు ఒకటే, నీటి మీద కాదు. లెక్క వేసి చూద్దాం. బోటు 5 నాట్ల వేగంతో ఉత్తరం వైపు చూస్తూ వెళ్తోంది, పక్క నుంచి 2 నాట్ల ప్రవాహం నెడుతోంది. దీవుల మధ్య సందుల్లో ఈ మాత్రం ప్రవాహం మామూలే. బోటు నిజంగా కదిలే దిశకీ ముక్కు చూసే దిశకీ తేడా దాదాపు 22 డిగ్రీలు వస్తుంది. ఆ తప్పు దిశతో రాడార్ బొమ్మని పరిస్తే, ఒక నాటికల్ మైలు దూరంలో ఉన్న ఫెర్రీ చార్ట్ మీద 700 మీటర్లు పక్కకి జరిగి కనిపిస్తుంది. బోటు ఆగిపోతే ఇంకా దారుణం. కదలిక లేనప్పుడు జీపీఎస్ దిశ గిరగిరా తిరుగుతుంది, దాంతో పాటు రాడార్ బొమ్మ కూడా. పొగమంచులో మనం ఎక్కువగా ఉండేది నెమ్మదిగా, లేదా ఆగి. అంటే అవసరమైనప్పుడే చెడిపోతుందన్నమాట.

అందుకే హెడింగ్ సెన్సార్ అనే చిన్న డబ్బా కావాలి. మన ఫోన్‌లో ఉండే మ్యాగ్నెటోమీటర్, జైరో, యాక్సెలరోమీటర్‌ల బోటు వెర్షన్ అది. ఎన్ఎంఈఏ 2000 అనే నెట్‌వర్క్ మీద సెకనుకి 10 సార్లు దిశ పంపిస్తుంది. డెవలపర్ ఫ్రెండ్స్ కోసం ఒక మాట: ఆ మెసేజ్ నంబర్ 127250, మన బోటులో అది వస్తోందో లేదో ప్లాటర్ డయాగ్నస్టిక్స్ పేజీలో చూసుకోవచ్చు. సెకనుకి 10 సార్లు ఎందుకంటే, నిమిషానికి 24 చుట్లు తిరిగే రాడార్‌కి ఒక చుట్టుకి రెండున్నర సెకన్లు పడుతుంది. ఆ లోపు బోటు 15 డిగ్రీలు తిరిగేయొచ్చు. సెన్సార్ నెమ్మదిగా ఉంటే మలుపులో బొమ్మంతా అలికినట్టు అవుతుంది.

షాపులో ఇచ్చిన కొటేషన్‌లో డోమ్ ఉంది, కేబుల్ ఉంది, మౌంట్ ఉంది, ఫిట్టింగ్ చార్జీ ఉంది. హెడింగ్ సెన్సార్ లేదు! "అదొక యాక్సెసరీ, తర్వాత చూసుకోవచ్చు" అన్నారట. నా దృష్టిలో ఓవర్‌లే అనే ఫీచర్‌కి అసలు హార్డ్‌వేర్ అదే.

స్పెక్ షీట్‌లో ఏది చూడాలి

డోమ్ బాక్స్ మీద 24 మైళ్లు, 36 మైళ్లు అని ఉంటుంది. ఫోన్ కెమెరాలో 108 మెగాపిక్సెల్ లాంటిదే ఇది. భూమి గుండ్రం కాబట్టి రాడార్‌కి కూడా హొరైజన్ ఉంటుంది. నీటి నుంచి 3 మీటర్ల ఎత్తులో డోమ్ పెడితే, మీటరు ఎత్తున్న చిన్న బోటు 6 మైళ్లు దాటితే లెక్క ప్రకారమే కనిపించదు. ఫైబర్‌గ్లాస్ బోటైతే ఇంకా చాలా దగ్గరికి వచ్చాకే చుక్క పడుతుంది. 36 మైళ్లు కొండలకి, వర్షపు మబ్బులకి పనికొస్తుందంతే.

చూడాల్సిన నంబర్ బీమ్ వెడల్పు. బోటు రాడార్ 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, తరంగం పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. 18 అంగుళాల డోమ్‌లో పట్టే యాంటెనాతో బీమ్ దాదాపు 5 డిగ్రీల వెడల్పు ఉంటుంది. మైలు దూరంలో అది 160 మీటర్లు. అంటే అక్కడ 100 మీటర్ల ఎడంలో పక్కపక్కన ఉన్న రెండు బోట్లు ఒకే మచ్చగా కనిపిస్తాయి. 24 అంగుళాల డోమ్‌కి ఇది 4 డిగ్రీల దాకా తగ్గుతుంది. కారు రాడార్ 77 గిగాహెర్ట్జ్ కాబట్టి అరచేతిలో పట్టే యాంటెనాతోనే సన్నటి బీమ్ వస్తుంది. బోటుకి ఆ సుఖం లేదు. దూరం కొలవడంలో రాడార్ గట్టిది, దిక్కు చెప్పడంలో మొద్దుది. ఓవర్‌లే చూసేటప్పుడు ఇది మనసులో ఉండాలి.

మరి ఓవర్‌లే వల్ల లాభమేంటి? రెండు బొమ్మలు కలిసినప్పుడు కాదు, కలవనప్పుడు. చార్ట్‌లో బోయ్ గుర్తు ఉంది, దాని మీద రాడార్ చుక్క పడింది. సరే, అది బోయే. పక్కన చార్ట్‌లో ఏమీ లేని చోట ఇంకో చుక్క ఉంది, అది కదులుతోంది. అంటే బోటు! మామూలు రాడార్ స్క్రీన్‌లో ఈ తేడా పట్టడానికి చార్ట్‌కీ రాడార్‌కీ మధ్య కళ్లు తిప్పుతూ ఉండాలి. ఒడ్డంతా ఒకేవైపు జరిగినట్టుంటే హెడింగ్ తప్పనో, జీపీఎస్ తప్పనో అనుమానించాలి. కాకపోతే చదునైన ఇసుక తీరాన్ని రాడార్ సరిగ్గా పట్టదు, వెనకున్న గట్టునో చెట్లనో చూపిస్తుంది. ఆటు సమయంలో నీరు వెనక్కి పోయినా గీత మారుతుంది. ఇవి తప్పులు కావు, అలవాటు పడాలి.

ఇంకో విషయం, ఓవర్‌లే ఒక్కదాన్నే నమ్ముకోకండి. చార్ట్ రంగుల మధ్య బలహీనమైన చుక్కలు కలిసిపోతాయి. సగం స్క్రీన్ ఓవర్‌లే, సగం నల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో రాడార్ ఒక్కటే పెట్టుకోవడం మేలు. 9 అంగుళాల్లో ఇది కాస్త ఇరుకే.

ఏఐఎస్ సరిపోదా?

అన్న అడిగిన రెండో ప్రశ్న ఇది. ఏఐఎస్‌లో ఓడలే తమ పేరు, వేగం, దిశ రేడియోలో ప్రకటించుకుంటాయి. పెద్ద షిప్పులు, ఫెర్రీలు అన్నీ కనిపిస్తాయి, దిక్కు కూడా కచ్చితం. కానీ చెప్పుకునేవాళ్లే కనిపిస్తారు. కయాక్, చిన్న ఫిషింగ్ బోటు చెప్పుకోవు. ఇక్కడ నీళ్లలో తేలే దుంగలు చాలా ఎక్కువ. వాటిని రాడార్ కూడా దాదాపు పట్టదు, కళ్లే దిక్కు.

రాడార్ ఉంటే సేఫ్ అనుకునేవాళ్లకి ఒక పాత కథ. 1956 జూలై 25 రాత్రి అమెరికా తూర్పు తీరంలో నాంటకెట్ దగ్గర ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ప్రయాణికుల ఓడలు ఢీకొన్నాయి. 51 మంది చనిపోయారు. రెండిట్లోనూ రాడార్ ఉంది, రెండూ ఒకదాన్నొకటి స్క్రీన్ మీద చూశాయి. ఒకరు కుడివైపు నుంచి దాటుతామనుకున్నారు, ఇంకొకరు ఎడమవైపు నుంచి. 1972 అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో ఏడోది కూడా దీని గురించే మాట్లాడుతుంది: పనిచేసే రాడార్ ఉంటే సరిగ్గా వాడి తీరాలి, అరకొర రాడార్ సమాచారంతో అంచనాలకి రాకూడదు. అంటే కొన్నాక "నాకు వాడటం రాదు" అంటే చెల్లదు.

కొనేవాళ్లకి ఇంకో చిక్కు, బ్రాండ్ లాక్. గార్మిన్ ప్లాటర్‌కి గార్మిన్ డోమ్, రేమెరీన్‌కి రేమెరీన్, సిమ్రాడ్‌కి దాని గ్రూప్‌దే. ఆపిల్ వాచ్‌ని ఆండ్రాయిడ్‌కి కలపలేనట్టే. ఓపెన్‌సోర్స్ ఇష్టమైతే ఓపెన్‌సీపీఎన్ అనే ఫ్రీ చార్ట్ సాఫ్ట్‌వేర్‌కి రాడార్ ప్లగిన్ ఉంది, కొన్ని మోడళ్లని ల్యాప్‌టాప్‌లో ఓవర్‌లే చేస్తుంది. వీకెండ్ ప్రాజెక్ట్‌గా సూపర్, కానీ పొగమంచులో అమ్మానాన్న పక్కనుండగా ల్యాప్‌టాప్ అప్‌డేట్ అడిగితే నవ్వు రాదు.

ఇక అన్నకి ఏం చెప్పానంటే: ఈ సెప్టెంబర్‌కి రాడార్ వద్దు. 18 అంగుళాల డోమ్ 2 వేల డాలర్ల పైమాటే, కొత్త రాడార్‌ని మొదటిసారి మంచులో నేర్చుకోవడం కన్నా మంచు విడిచాక బయల్దేరడం నయం. చాలా రోజుల్లో మధ్యాహ్నానికి విడిపోతుంది. ముందు కొన్ని వందల డాలర్లలో హెడింగ్ సెన్సార్ కొను, రేపు ఆటోపైలట్‌కి కూడా అదే కావాలి. వెయ్యి డాలర్ల లోపే క్లాస్ బి ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ వస్తుంది, దాంతో ఫెర్రీలకి నువ్వు కూడా కనిపిస్తావు. చలికాలంలో రాడార్ పెట్టించి, వసంతంలో ఎండ రోజుల్లో కిటికీలోంచి కనిపించేదీ స్క్రీన్ మీద పడేదీ పోల్చుకుంటూ నేర్చుకో. రాత్రిళ్లు, పొగమంచులో తిరగక తప్పనివాళ్లకి మాత్రం నా జవాబు వేరు. ఆ రెండు వేలు ఇవాళే పెట్టండి, సెన్సార్‌తో కలిపి.

అన్న కాస్త డీలా పడ్డాడు కానీ సెన్సార్ ఆర్డర్ పెట్టాడు.

పెట్టించినవాళ్లకి చివరిగా సెటప్ మాట. గాలి లేని రోజు బోటుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పి కంపాస్ కాలిబ్రేషన్ చేయండి. తర్వాత దూరంగా ఒంటరిగా ఉన్న బోయ్‌కి బోటు ముక్కు సూటిగా పెట్టి, రాడార్‌లో కూడా అది సరిగ్గా ముందే కనిపించేలా బేరింగ్ అలైన్‌మెంట్ సరిచేయండి. డోమ్ వంకరగా బిగిస్తే వచ్చే తేడా ఇది. ఇది అయ్యాక కూడా ఓవర్‌లేలో ఒడ్డు పక్కకి జరిగి ఉంటే, అప్పుడు మాత్రమే హెడింగ్ ఆఫ్‌సెట్ ముట్టుకోండి. ఒకదాని తప్పుని ఇంకోదాంతో సర్దితే ఓవర్‌లే బాగానే కనిపిస్తుంది, ఆటోపైలట్ మాత్రం వేరే దారిలో పోతుంది.