గర్భసంచి తీయాల్సిందేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. నెలసరిలో రక్తస్రావం బాగా ఎక్కువ. గర్భసంచిలో 3 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది, క్యాన్సర్ కావచ్చు, గర్భసంచి తీయించుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, భయంతో ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. గడ్డ ఎంతుందన్న దానికన్నా ఎక్కడుందన్నదే ముఖ్యం; గర్భసంచి లోపలికి పొడుచుకొస్తే చిన్నదైనా రక్తం ఎక్కువ పోతుంది. థైరాయిడ్ సమస్యా కారణం కావచ్చు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. డాక్టర్ సలహాతో నెలసరి రోజుల్లో వాడే ట్రనెగ్జామిక్ యాసిడ్ మాత్రలు, లేదా గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ చాలామందికి సరిపోతాయి. మన తెలుగు రాష్ట్రాల్లో నలభై లోపే గర్భసంచి తీయించుకున్న వాళ్లెందరో! చూస్తే బాధేస్తుంది. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.