డ్రోన్ ఫొటో సైటు మీద కూర్చోవడం లేదు

ప్రశ్న: స్టీల్‌ప్లాంటు దగ్గర టోటల్ స్టేషన్‌తో సర్వే చేశాను. డ్రోన్ ఫొటోను ఆటోక్యాడ్ డ్రాయింగ్‌లోకి తెస్తే నా పాయింట్లకు ఎంతో దూరంగా పడుతోంది. ఎలా సరిచేయాలి?
– ఒక సర్వేయర్, గాజువాక

జవాబు: ఫొటోను చేత్తో జరిపి సరిపెట్టకండి. ముందు కోఆర్డినేట్లు చూడండి. విశాఖ యూటీఎం 44 నార్త్ జోన్‌లో ఉంది. ఇక్కడ ఈస్టింగ్ 7 లక్షల మీటర్లు దాటుతుంది, నార్తింగ్ 19.5 లక్షల చుట్టుపక్కల ఉంటుంది. మీ పాయింట్లు 1000, 1000 లాంటి సొంత గ్రిడ్‌లో ఉంటే రెండూ ఎన్నటికీ కలవవు. డీజీపీఎస్‌తో కనీసం రెండు కంట్రోల్ పాయింట్లు తీసుకుని సర్వేనే యూటీఎంలోకి మార్చండి.

పాయింట్లు యూటీఎంలోనే ఉంటే లోపం ఫొటోను తెచ్చిన పద్ధతిలో ఉండొచ్చు. ఆటోక్యాడ్‌లో మామూలు ఇమేజ్ అటాచ్ కమాండ్ జియోరిఫరెన్స్‌ను పట్టించుకోదు. సివిల్ 3డీ లేదా మ్యాప్ 3డీలో డ్రాయింగ్‌కు ముందుగా జోన్, మీటర్లు సెట్ చేసి, మ్యాప్ఐఇన్సర్ట్ కమాండ్ వాడండి. ఫొటోతో వచ్చిన టీఎఫ్‌డబ్ల్యూ ఫైలు అదే ఫోల్డర్‌లో, అదే పేరుతో ఉండాలి. అందులోని ఆరు వరుసల్లో పిక్సెల్ సైజు, తిప్పుడు, ఎడమ పైమూల పిక్సెల్ స్థానం ఉంటాయి. జోన్ పేరు మాత్రం ఉండదు.

మరో జాగ్రత్త: 84 డిగ్రీల రేఖాంశం దాటితే జోన్ 45. టెక్కలి, పలాస పనులకు 44 పెట్టకండి. పాత ఎవరెస్ట్ డేటమ్ టోపోషీట్లను మార్చకుండా వాడితే వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది.

చివరగా, ఫొటోలో స్పష్టంగా కనిపించే కల్వర్టు మూలల్లాంటి మూడు నాలుగు చోట్లను కొలిచి సరిచూశాకే హద్దులు గీయండి.